తొలి ఏడాది నర్సు: తగ్గే అలసట, తగ్గని అలసట

నర్సింగ్ చదివినవాళ్లెవరికైనా డొరోథియా ఓరమ్ పేరు గుర్తుంటుంది. ఆరోగ్యం నిలుపుకోవడానికి ఒక మనిషి రోజూ ఏమేం చేసుకోవాలి, వాటిని సొంతంగా చేసుకునే శక్తి ఎంత ఉంది అని లెక్క చూసి, శక్తి చాలనిచోట నర్సు చెయ్యి వెయ్యాలని ఆమె చెప్పారు. పరీక్షల్లో, కేర్ ప్లాన్లలో విద్యార్థులు ఈ సిద్ధాంతాన్ని పేషెంటు కోసం ఎన్నోసార్లు రాస్తారు. కోర్సు పూర్తయి స్టాఫ్ నర్సుగా చేరాక అదే లెక్కను ఆ అమ్మాయికి వేసి చూసేవాళ్లు దాదాపుగా ఉండరు. నైట్ డ్యూటీలో ఆమె ఎప్పుడు తిన్నది, నిన్న పగలు ఎన్ని గంటలు నిద్రపోయింది, దేనికి భయపడింది అన్నవి ఏ చార్టులోనూ ఉండవు.

సెల్ఫ్ కేర్ పేరుతో నర్సులకు ఇచ్చే సలహాలకు మాత్రం కొదవ లేదు. నీళ్లు బాగా తాగండి, యోగా చేయండి, డైరీ రాయండి, పాజిటివ్‌గా ఉండండి. ఇవి చెడ్డ మాటలేమీ కావు. కానీ కొత్త నర్సు పడే కష్టమంతటినీ ఒకే ముద్దగా చూసి, దాన్ని ఆమె ఒక్కతే సర్దుకోవాలన్నట్టు మార్చేస్తాయి. నేను గమనించినంతలో తొలి ఏడాదిలో వచ్చే అలసటలు రెండు. ఒకటి పని ఇంకా చేతికి రాకపోవడం వల్ల, భయం వల్ల వచ్చేది. అది నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. రెండోది వార్డులో మనుషులు చాలక, నిద్ర లేక, జీతం చాలక, మర్యాద దక్కక వచ్చేది. అది ఎంతకాలమైనా తగ్గదు, చాలాసార్లు పెరుగుతుంది కూడా. చిక్కేమిటంటే అనుభవించేవాళ్లకు రెండూ ఒకేలా ఉంటాయి. డ్యూటీ దిగి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద వాలిపోయిన మనిషికి తనది వీటిలో ఏదో ఎలా తెలుస్తుంది? అందుకే కొన్నాళ్లు ఓర్చుకుంటే సరిపోయేచోట ఉద్యోగం మానేసేవాళ్లు, మానేయాల్సినచోట లోపం తమదేనని కుమిలిపోతూ ఉండిపోయేవాళ్లు, ఇద్దరూ మన చుట్టూ ఉన్నారు.

చేతికి పని వచ్చేదాకా

మొదటి రకం అలసట గురించి యాభై ఏళ్లుగా తెలుసు. అమెరికాలో మార్లీన్ క్రేమర్ అనే నర్సింగ్ పరిశోధకురాలు 1974లో దీనికి రియాలిటీ షాక్ అని పేరు పెట్టారు. కాలేజీలో నేర్పే విలువలకూ వార్డు నడిచే తీరుకూ మధ్య ఉన్న దూరాన్ని కొత్త నర్సు ఒక్కసారిగా చూస్తుంది. మొదటి వారాలు సంబరంగా ఉంటాయి. యూనిఫాం, ఐడీ కార్డు, మొదటి జీతం. తర్వాత షాక్ మొదలవుతుంది. ఆ తర్వాత నెమ్మదిగా తేరుకుని, ఏదో ఒక రకంగా కుదురుకుంటుంది. కుదురుకోవడమంటే ప్రతిసారీ మంచిగా జరగాలని లేదు. కాలేజీలో నేర్చుకున్నదంతా వదిలేసి గుంపులో కలిసిపోవడం కూడా ఒక రకమైన కుదురుకోవడమే అని క్రేమర్ గుర్తించారు.

మన దగ్గర ఈ దూరం ఎంతో ఊహించడం కష్టం కాదు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు. క్లినికల్ పోస్టింగ్‌లో విద్యార్థికి ఒకరిద్దరు పేషెంట్లను అప్పగిస్తారు. ట్యూటర్ పక్కనే ఉంటారు. ఆ ఒక్క పేషెంటు గురించి పేజీలకు పేజీలు రాయించి సంతకం పెడతారు. ఉద్యోగంలో చేరాక ఎనిమిది మంది, పది మంది. డాక్టర్ రౌండ్స్, ఫార్మసీకి ఇండెంట్, ల్యాబ్ శాంపిళ్లు, ఒక డిశ్చార్జి, రెండు అడ్మిషన్లు, మధ్యలో సెలైన్ అయిపోయిందని పిలిచే పేషెంటు తాలూకు వాళ్లు. చదువులో నేర్పింది ఒక పేషెంటును పూర్తిగా చూడటం. వార్డు అడిగేది పది మందిలో ఇప్పుడు ఎవరి దగ్గరికి ముందు పరుగెత్తాలో తేల్చుకోవడం. ఈ రెండో విద్య క్లాసులో రాదు.

ఎందుకు రాదో అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు ప్యాట్రీషియా బెన్నర్ వివరించారు. 1980లలో ఆమె నర్సుల ఎదుగుదలను ఐదు మెట్లుగా చెప్పారు. కొత్తగా చదువు ముగించిన నర్సు రెండో మెట్టు మీద ఉంటుంది. ఒక్కొక్క పనీ ఆమెకు వచ్చు, కానీ పనులన్నీ ఒకే బరువుతో కనిపిస్తాయి. తొమ్మిది గంటల యాంటీబయాటిక్, ఎనిమిదో బెడ్ పేషెంటు కాస్త మత్తుగా మాట్లాడటం, నింపని ఇన్‌టేక్ అవుట్‌పుట్ చార్టు అన్నీ ఒకే వరుసలో నిలబడి పిలుస్తాయి. సీనియర్ సిస్టర్ వార్డులోకి అడుగుపెట్టగానే ఎనిమిదో బెడ్ దగ్గరికే వెళ్తుంది. ఎందుకని అడిగితే ఆమె కూడా వెంటనే చెప్పలేకపోవచ్చు. ఆ చూపు వందల మంది పేషెంట్లను చూశాక వచ్చింది. ఒకే రకం వార్డులో రెండు మూడేళ్లు చేశాక గాని మూడో మెట్టు రాదని బెన్నర్ అంచనా. కాబట్టి మూడో నెలలో నాకు స్పీడు రాలేదని ఏడ్చే అమ్మాయికి తెలివి తక్కువై కాదు, ఇంకా ఆ కాలం రాలేదు.

ఈ ఏడాదిలో అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు మధ్యలో ఉంటుంది. కెనడాలో జూడీ డుష్షర్ అనే నర్సింగ్ పరిశోధకురాలు కొత్త నర్సుల తొలి పన్నెండు నెలలను దగ్గరగా చూసి మూడు దశలు చెప్పారు. మొదటి మూడు నాలుగు నెలలు చేయడంలోనే గడిచిపోతాయి, తప్పు జరగకుండా షిఫ్టు దాటితే చాలు అనిపిస్తుంది. ఆ తర్వాతి నాలుగైదు నెలల్లో సందేహం పట్టుకుంటుంది. పని కొంత వచ్చింది కాబట్టి చుట్టూ చూసే తీరిక దొరుకుతుంది, చూస్తే నచ్చనివే ఎక్కువ కనిపిస్తాయి. ఈ వృత్తి నాదేనా, నేను దీనికి పనికొస్తానా అన్న ప్రశ్న అప్పుడే గట్టిగా వస్తుంది. సరిగ్గా ఆ సమయానికే ఆస్పత్రి ఆమెను కొత్తమ్మాయిగా చూడటం మానేసి పూర్తి భారం వేస్తుంది. ఏడాది చివరికి వచ్చేసరికి, తన కన్నా కొత్తవాళ్లు అడిగే ప్రశ్నలకు తానే జవాబు చెబుతోందని ఆమెకు అర్థమవుతుంది. ఐదారు నెలల దగ్గర ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. నేను పనికిరాను అన్న కారణంతో ఈ నెలల్లో రాజీనామా రాయవద్దు. వేరే కారణాలు ఉండొచ్చు, వాటి సంగతి తర్వాత చెబుతాను.

ఈ కాలాన్ని దాటడానికి సాయపడేవి చిన్న చిన్న పనిముట్లు. ముందు షిఫ్టు నర్సు దగ్గర హ్యాండోవర్ (పేషెంట్ల అప్పగింత) తీసుకునేటప్పుడు ఒకే కాగితం మీద బెడ్ల వారీగా పేరు, రోగం, ఇవ్వాల్సిన మందుల గంటలు, చూడాల్సిన రిపోర్టులు రాసుకుని జేబులో పెట్టుకోవాలి. షిఫ్టులో సగం టెన్షన్ ఏదో మరిచిపోతున్నామన్న భయమే, అది కాగితం మీదికి వెళ్తే తల తేలికవుతుంది. రెండోది డాక్టర్‌కు ఫోన్ చేసే పద్ధతి. చాలామంది కొత్తవాళ్లు తిట్లు పడతాయని ఫోన్ ఆలస్యం చేస్తారు. చెప్పే వరుస ముందే గట్టిగా అలవాటు చేసుకుంటే ధైర్యం వస్తుంది. "సార్, పన్నెండో బెడ్, నిన్న హెర్నియా ఆపరేషన్ అయిన పేషెంటు. పొద్దున బాగానే ఉన్నారు. ఇప్పుడు బీపీ 90/60, పల్స్ 120, డ్రెస్సింగ్ తడిసింది. మీరొచ్చి చూడాలి సార్." అంతే. ఎవరు, ఇంతకుముందు ఎలా ఉన్నారు, ఇప్పుడు నేనేం చూశాను, నాకేం కావాలి. ఇలా చెప్పాక అవతలివైపు విసుక్కున్నా, నర్సు చేయాల్సింది చేసినట్టే, టైముతో సహా నోట్స్‌లో రాస్తే సరిపోతుంది.

మూడోది మనిషి. అడిగిన ప్రతిసారీ "ఇది కూడా తెలియదా" అనకుండా చూపించే ఒక సీనియర్. అమెరికాలో చాలా ఆస్పత్రులు కొత్త నర్సులకు ఏడాది పాటు రెసిడెన్సీ పేరుతో శిక్షణ నడుపుతాయి, ప్రతి కొత్త నర్సుకూ పక్కనుండి నేర్పే ఒక సీనియర్‌ను, అంటే ప్రిసెప్టర్‌ను, కేటాయిస్తాయి. ఇక్కడ చాలాచోట్ల వారం పది రోజుల ఇండక్షన్ అయ్యాక డ్యూటీల పట్టికలో, అంటే రోస్టర్‌లో, పేరు పడిపోతుంది. అధికారికంగా ఎవరినీ ఇవ్వనిచోట మీరే ఒకరిని వెతుక్కోవాలి. ఆమె మీ వార్డులోనే ఉండాలని కూడా లేదు. కాలేజీలో మీకన్నా రెండేళ్లు ముందు చదివిన అక్కైనా పర్లేదు.

ఎంత ఓర్చుకున్నా తగ్గనిది

ఇక రెండో రకం అలసట. దీనికి ముందుగా ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక జనరల్ వార్డులో నైట్ డ్యూటీలో ఒక నర్సుకు పన్నెండు మంది పేషెంట్లు. వారిలో నలుగురు మంచం మీద నుంచి కదల్లేనివాళ్లు. బెడ్‌సోర్ రాకుండా వాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని మొదటి ఏడాది పాఠంలోనే ఉంది. పన్నెండు గంటల్లో ఆరుసార్లు, నలుగురికి కలిపి ఇరవై నాలుగు సార్లు. ఒక్కోసారి పది నిమిషాలు అనుకున్నా నాలుగు గంటలు. పైగా ఒక్కరు తిప్పలేరు, ఆయమ్మో వార్డ్ బాయో తోడు రావాలి. మిగతా ఎనిమిది గంటల్లో పన్నెండు మందికి మందులు, వైటల్స్, చార్టులు, ఒక అడ్మిషన్, ఒక ఎమర్జెన్సీ. ఇందులో నర్సు తినే టైము, బాత్‌రూమ్‌కు వెళ్లే టైము లెక్క వేయలేదు. ఏ పనులు వదిలేయాలో ఆమె ప్రతి రాత్రీ తేల్చుకోక తప్పదు. చేయాల్సింది తెలిసి, చేయలేని పరిస్థితిలో మనసు పడే బాధకు ఆండ్రూ జేమ్‌టన్ అనే అమెరికా తత్వవేత్త 1984లో మోరల్ డిస్ట్రెస్ (నైతిక వేదన) అని పేరు పెట్టారు. నర్సుల గురించే ఆయన ఆ మాట అన్నారు. ఇది పని రాకపోవడం వల్ల వచ్చే బాధ కానే కాదు. పని బాగా వచ్చేకొద్దీ, వదిలేస్తున్నదేమిటో ఇంకా స్పష్టంగా కనబడుతుంది కాబట్టి, ఇది పెరుగుతుంది.

పేషెంట్ల సంఖ్యకూ నర్సు మనసుకూ ఉన్న సంబంధాన్ని నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఏకెన్ బృందం 2002లో అంకెల్లో చూపించింది. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆస్పత్రులను పరిశీలిస్తే, ఒక నర్సు మీద ఒక పేషెంటు పెరిగినకొద్దీ ఆమె బర్నౌట్ అయ్యే (పని ఒత్తిడితో పూర్తిగా అలసి డీలాపడే) అవకాశం 23 శాతం, ఉద్యోగం మీద అసంతృప్తి 15 శాతం పెరిగాయి. ఆపరేషన్ అయిన పేషెంట్లు నెలలోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. ఈ చివరి అంకె దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. నర్సు అలసట నర్సు సొంత విషయమని ఇక ఎవరూ అనకూడదు. కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి, 2004 నుంచి నర్సుకు ఎంతమంది పేషెంట్లు మించకూడదో నిర్ణయించింది. అక్కడ మెడికల్, సర్జికల్ వార్డుల్లో ఐదుగురికి ఒకరు, ఐసీయూలో ఇద్దరికి ఒకరు.

మన దేశంలోనూ ప్రమాణాలు లేకపోలేదు. నర్సింగ్ మేనేజ్‌మెంట్ పాఠంలో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క అందరూ చదివే ఉంటారు. బోధనాస్పత్రి జనరల్ వార్డుకు మూడు పడకలకు ఒక నర్సు, సెలవుల కోసం మరో 30 శాతం అదనం. చూడ్డానికి గొప్పగా ఉంటుంది. కానీ ఆ ఒకటికి మూడు అన్నది మూడు షిఫ్టులకూ కలిపి. ఒక్క షిఫ్టులో చూస్తే తొమ్మిది మందికి ఒకరు. అది కూడా అమలైనచోటే. సెలవుల కోసం పెట్టాల్సిన అదనపు మనుషులు లేకపోతే, ఒకరికి జ్వరం వస్తే ఇంకొకరికి డబుల్ డ్యూటీ పడుతుంది. కొత్తగా చేరినవాళ్లు కాదనలేరు కాబట్టి ఆ డ్యూటీ ఎక్కువగా వాళ్ల మీదే పడుతుంది.

జీతం సంగతి చెప్పకుండా ఉద్యోగ తృప్తి గురించి మాట్లాడటం నాకు సబబుగా అనిపించదు. ప్రైవేటు ఆస్పత్రుల్లో నర్సుల జీతాల మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఒక కమిటీని వేయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కమిటీ ఏం చెప్పిందంటే, 50 పడకల లోపు ఆస్పత్రి అయినా నెలకు కనీసం 20 వేలు ఇవ్వాలి. 200 పడకలు దాటిన ఆస్పత్రి రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 పడకలు దాటితే ఆ జీతం కన్నా 10 శాతానికి మించి, 50 నుంచి 100 మధ్య అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు. అమలు బాధ్యత రాష్ట్రాల మీద పడింది. ఇన్నేళ్ల తర్వాత కూడా హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో కొత్త నర్సులను అడిగితే ఆ సిఫార్సులకూ చేతికొచ్చే జీతానికీ ఉన్న తేడా తెలుస్తుంది. హాస్టల్ ఫీజు, భోజనం, ఎడ్యుకేషన్ లోన్ కిస్తీ పోను ఇంటికి పంపడానికి ఏం మిగులుతుంది? తెలంగాణ ప్రభుత్వం 2024 జనవరి 31న ఎల్బీ స్టేడియంలో దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు నియామక పత్రాలు ఇచ్చినప్పుడు, ప్రైవేటులో ఏళ్ల తరబడి చేసినవాళ్లు కూడా వాటి కోసం ఎందుకంత ఎదురుచూశారో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడే ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1959లో చెప్పిన ఒక సంగతి పనికొస్తుంది. ఉద్యోగంలో తృప్తిని ఇచ్చే విషయాలు వేరు, అసంతృప్తిని ఇచ్చేవి వేరు అంటారాయన. జీతం, పని వేళలు, పైవాళ్ల తీరు, సౌకర్యాలు బాగోలేకపోతే మనిషి విసిగిపోతాడు, బాగున్నంత మాత్రాన ఆనందంతో ఉప్పొంగడు. సాధించామన్న భావన, గుర్తింపు, నేర్చుకోవడం, పని స్వభావం అనేవి తృప్తినిస్తాయి. నర్సుల్లో ఈ రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఉండటం చూస్తాం. వెంటిలేటర్ మీద నుంచి దిగిన పేషెంటు నడిచి వెళ్తూ చెయ్యి పట్టుకుని "బిడ్డా, చల్లగుండు" అంటే ఆ రోజంతా వెలిగిపోతుంది. అదే అమ్మాయి ఆ సాయంత్రమే రోస్టర్ చూసి వరుసగా ఏడో నైట్ అని తెలిసి ఉద్యోగం మానేయాలనుకుంటుంది. పని నచ్చుతుంది, ఉద్యోగం నచ్చదు. అందుకే నర్సుల దినోత్సవం నాడు మే 12న కేకు కోసి, దీపాలు వెలిగించి, సేవామూర్తులని పొగిడినంత మాత్రాన రోస్టర్ తెచ్చిన విసుగు పోదు. పొగడ్తకు విలువ ఉంది, కానీ ఆ విసుగును తీర్చాల్సింది రోస్టర్‌లోనే.

ఒంటి సంగతి

తగ్గని అలసటలో నర్సు చేతిలో కొంత ఉన్న భాగం శరీరం. నైట్ డ్యూటీ శరీరానికి సహజం కాదు. రాత్రి షిఫ్టు పనిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2007లో, మళ్లీ 2019లో, మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో పెట్టింది. భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఒకట్రెండు నైట్లతో అలాంటిదేమీ జరగదు, ఏళ్ల తరబడి చేసే రాత్రి పని గురించి ఆ మాట. కానీ ఇంకొక ప్రమాదం మొదటి నెలలోనే ఉంది. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి పనితీరు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్లతో సమానంగా దిగజారుతుందని 1997లో డాసన్, రీడ్ అనే శాస్త్రవేత్తలు చూపించారు. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునే పరిమితి 0.03 శాతం. పొద్దున లేచి, పగలు నిద్రపోకుండా, రాత్రంతా డ్యూటీ చేసి, మర్నాడు ఎనిమిదిన్నరకు స్కూటీ మీద ఇంటికి బయలుదేరే నర్సు ఆ పరిమితిని ఎప్పుడో దాటేసింది. నైట్ మొదలయ్యే రోజు మధ్యాహ్నం గంటన్నర రెండు గంటలు పడుకోవాలి. దిగి వచ్చేటప్పుడు వీలైతే బస్సో, ఆటోనో, మెట్రోనో ఎక్కాలి.

పగటి నిద్ర రావాలంటే గది చీకటిగా ఉండాలి, ఫోన్ సైలెంట్‌లో ఉండాలి, టీ కాఫీలు తెల్లవారుజామున మూడు దాటాక ఆపాలి. హాస్టల్లో అయితే షిఫ్టులు కలిసేవాళ్లను ఒకే గదిలో ఉంచమని వార్డెన్‌ను అడగాలి. ఇంట్లో ఉండేవాళ్లకు ఇంకా కష్టం. నైట్ చేసి వచ్చిన కోడలు పగలు పడుకుంటే పొద్దెక్కేదాకా నిద్రపోతోందనే మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది. ఇక్కడ సెల్ఫ్ కేర్ అంటే ఇంట్లోవాళ్లు ఆమె వంతు వంట చేయడం. ఇంకే సలహా ఇచ్చినా దాని తర్వాతే.

నీళ్లు తాగితే బాత్‌రూమ్‌కు వెళ్లాలని తాగడం మానేసే నర్సులు చాలామంది ఉన్నారు. మూత్రంలో ఇన్ఫెక్షన్లు, నెలసరి రోజుల్లో అవస్థ దాని ఫలితమే. షిఫ్టులో ఇద్దరుంటే ఒకరి బెడ్లు ఒకరు పది నిమిషాలు చూసుకునేలా మాట్లాడుకోవడం ఒక్కటే దీనికి పని చేసే మార్గం. నడుం నొప్పికి కూడా తొలి ఏడాదిలోనే బీజం పడుతుంది. బరువైన పేషెంటును ఒంటరిగా లేపకూడదు, ఎవరూ రాకపోతే వచ్చేదాకా ఆగాలి.

సూది గుచ్చుకోవడం గురించి మాత్రం వివరంగా చెప్పాలి. చేరకముందే హెపటైటిస్ బి టీకా మూడు డోసులు పూర్తి చేసుకోవాలి. ఒకటో డోసు తర్వాత నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. అవి అయ్యాక ఒకట్రెండు నెలలకు యాంటీబాడీ పరీక్ష చేయించుకుని రక్షణ వచ్చిందో లేదో చూసుకోవాలి. వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టకూడదు. గుచ్చుకుంటే పిండకూడదు, నోట్లో పెట్టుకోకూడదు, సబ్బుతో ధారగా నీళ్ల కింద కడగాలి. వెంటనే ఇన్‌ఛార్జ్ సిస్టర్‌కు, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుకు చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు, కోర్సు 28 రోజులు. కొత్తవాళ్లు తిడతారని దాచిపెడతారు. షిఫ్టు అయ్యాక చెబుదామనుకుంటారు. దయచేసి ఆ ఒక్క విషయంలో ఎవరి మాటకూ భయపడవద్దు.

మనసు మొద్దుబారినప్పుడు

మొదటి మరణం ఎవరూ మరిచిపోరు. ఒంటికి చివరిసారి చేయాల్సినవన్నీ చేసి, బంధువులకు అప్పగించి, పది నిమిషాల్లో అదే బెడ్ మీద కొత్త పేషెంటుకు సెలైన్ పెట్టాలి. ఏడిస్తే ప్రొఫెషనల్ కాదంటారు. ఏడవడం తప్పు కాదు. ఆ షిఫ్టులో ఉన్నవాళ్లంతా తర్వాత పావుగంట కూర్చుని ఏం జరిగిందో మాట్లాడుకునే అలవాటు ఉన్న వార్డుల్లో కొత్తవాళ్లు త్వరగా తేరుకుంటారు. అలాంటి అలవాటు లేనిచోట నలుగురు కలిసి మొదలుపెట్టినా చాలు.

బర్నౌట్ మాత్రం వేరు. మనస్తత్వ శాస్త్రవేత్త క్రిస్టినా మాస్లాక్ చెప్పిన మూడు లక్షణాలు చూడండి. ఎంత పడుకున్నా తీరని అలసట, పేషెంట్లు మనుషుల్లా కాక బెడ్ నంబర్లలా అనిపించడం, ఏం చేసినా ప్రయోజనం లేదన్న భావన. రెండోది నర్సులను ఎక్కువగా బాధపెడుతుంది. తాను చెడ్డదాన్నైపోయానని అనుకుంటారు. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను మనిషిలోని జబ్బుగా లెక్కించలేదు. పని చేసే చోట ఎడతెగని ఒత్తిడిని సరిగా చూసుకోకపోవడం వల్ల వచ్చే పరిస్థితిగా చెప్పింది. కాబట్టి సెలవు తీసుకుని వారం పాటు ఊరెళ్లి వచ్చాక రెండు రోజుల్లో మళ్లీ అదే పరిస్థితి వస్తే, మూలం ఆమెలో వెతకడం దండగ. ఊరెళ్లినా, ఇష్టమైనవాళ్ల మధ్య ఉన్నా ఏమీ అనిపించకపోయినా, బతకాలని లేదనిపించినా అప్పుడు అది పని సమస్య ఒక్కటే కాకపోవచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలి మానస్ సేవలో తెలుగులోనే, ఉచితంగా, ఏ టైములోనైనా మాట్లాడవచ్చు.

దాడులు, వేధింపులు ఓర్చుకోవాల్సిన వాటిలోకి రావు. ఆస్పత్రి సిబ్బంది మీద దాడి చేస్తే మూడేళ్ల వరకు జైలు, 50 వేల వరకు జరిమానా వేసే చట్టం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే వచ్చింది, అది నర్సులకూ వర్తిస్తుంది. పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థలోనూ 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు తీసుకునే కమిటీ ఉండాలి. మీ ఆస్పత్రిలో ఆ కమిటీ సభ్యులెవరో చేరిన వారంలోనే కనుక్కుని పెట్టుకోండి. అవసరం రాకపోతే మంచిదే.

ఉండాలా, వెళ్లాలా

ఒక చిన్న పరీక్ష ఉంది. మూడు నెలలకోసారి, మిమ్మల్ని ఎక్కువగా బాధపెడుతున్న ఐదు విషయాలు తేదీ వేసి రాసుకోండి. మొదటిసారి రాసినప్పుడు క్యానులా (సెలైన్ ఎక్కించే గొట్టం) పడటం లేదు, సీపీఆర్ అంటే వణుకు, ఫలానా డాక్టర్ అంటే భయం లాంటివి ఉంటాయి. ఆరో నెలలో రాసిన కాగితంలో వాటిలో కొన్ని కనిపించవు. అవి తగ్గే అలసటకు చెందినవి, ఓపిక పట్టినందుకు ఫలితం వచ్చింది. రెండు మూడు కాగితాల్లోనూ అవే మాటలు, ఉదాహరణకు ఆఫ్ ఇవ్వడం లేదు, ఓవర్‌టైమ్‌కు డబ్బులు లేవు, నైట్‌లో ఒక్కదాన్నే అని మళ్లీ మళ్లీ వస్తే, అవి మీరు ఎంత మెరుగైనా పోయేవి కావు. వాటిని ఒక్కరుగా కాకుండా నలుగురు కలిసి, రాతపూర్వకంగా, నర్సింగ్ సూపరింటెండెంట్ ముందు పెట్టండి. ఫలానా తేదీల్లో నైట్‌లో ఒక నర్సుకు పదిహేను మంది పేషెంట్లున్నారు అని అంకెలతో రాస్తే కొట్టిపారేయడం కష్టం. రెండు నెలలు గడిచినా ఏ మార్పూ లేకపోతే వెళ్లిపోవడం ఓటమి కాదు.

వెళ్లేటప్పుడు చేతిలో ఏం ఉండాలో కూడా చూసుకోవాలి. నోటీసు కాలం పూర్తి చేసి రిలీవింగ్ లెటర్, ఏ వార్డులో ఎన్ని నెలలు చేశారో రాసిన ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తీసుకోవాలి. గల్ఫ్ దేశాలు సాధారణంగా రెండేళ్ల అనుభవం అడుగుతాయి. జర్మనీలో పూర్తి స్థాయి నర్సుగా గుర్తింపు రావాలంటే సాధారణంగా భాషలో బీ2 స్థాయి కావాలి, తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థ ఆ భాష నేర్పి పంపుతోంది. బ్రిటన్‌కు ఇంగ్లిష్ పరీక్షలైన ఓఈటీ లేదా ఐఈఎల్‌టీఎస్, అమెరికాకు నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్. ఎక్కడికి వెళ్లినా మన రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు దాటకుండా ఉండాలి. చేరేటప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే జిరాక్సులిచ్చి ఒరిజినల్స్ చూపిస్తామని చెప్పండి. తప్పనిసరై ఇస్తే సంతకం, స్టాంపు ఉన్న రసీదు లేకుండా ఇవ్వకండి.

తర్వాతి ఇంటర్వ్యూలో జీతంతో పాటు మరికొన్ని ప్రశ్నలు మీరే అడగండి. నైట్‌లో ఒక నర్సుకు ఎంతమంది పేషెంట్లు? వరుసగా ఎన్ని నైట్లు, వాటి తర్వాత ఎన్ని ఆఫ్‌లు? కొత్తవాళ్లకు సొంతంగా పేషెంట్లను ఎన్ని వారాల తర్వాత అప్పగిస్తారు? సూది గుచ్చుకుంటే రాత్రి రెండు గంటలకు ఎవరికి చెప్పాలి? కిందటేడు చేరినవాళ్లలో ఇంకా ఎంతమంది ఉన్నారు? ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పే సూపరింటెండెంట్ దొరికితే, నెలకు ఒక వెయ్యి తక్కువైనా ఆ ఆస్పత్రిలోనే చేరండి.